గుడారాలు తిన్న బూజు

మిరప, టమాటా నారుమడి వేసే రైతు ముందుగా నారుకుళ్లును అడ్డుకునే ట్రైకోడెర్మా విరిడి అనే బూజు పొడి తెచ్చుకుంటాడు. రెండు కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువుకు, 10 కిలోల వేపపిండికి పట్టించి, నీడన కుప్ప పోసి, నీళ్లు చిలకరించి గోనెపట్టా కప్పుతాడు. వారం పది రోజులకు పట్టా ఎత్తితే కుప్ప మీద తెల్లటి నూగు, అక్కడక్కడా ఆకుపచ్చ. ఆ పచ్చ కనిపిస్తేనే చేతికి నమ్మకం.

ఈ బూజుకు దగ్గరి చుట్టం ఒకటి ఒకప్పుడు సైన్యాన్నే విసిగించింది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికుల నూలు గుడారాలు చివికిపోయేవి. సోలమన్ దీవుల్లో అలాంటి గుడ్డ మీద దొరికిన బూజును క్యూఎం6ఏ పేరుతో భద్రపరిచారు. దాన్నీ మొదట విరిడి అనే అనుకున్నారు. పరిశోధకులు ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ దాని వెంట పడ్డారు. చివుకును ఆపడానికి మొదలైన పరిశోధన, చివికించేదాన్ని ఎక్కువగా పండించే దారి పట్టింది! 1977లో ఆ బూజుకు రీస్ పేరు మీదే ట్రైకోడెర్మా రీసై అని పెట్టారు.

పత్తి పోగు దాదాపు అంతా సెల్యులోజే, అంటే గ్లూకోజు గొలుసులే. అన్నంలోని పిండిపదార్థమూ గ్లూకోజే, కానీ అతుకు వేరు. అందుకే అన్నం మనకు అరుగుతుంది, గడ్డి అరగదు. బూజు వదిలే ఎంజైముల్లో ఒకటి గొలుసును నడుమ ఎక్కడో ఒకచోట తెంపుతుంది. ఇంకొకటి తెగిన కొస పట్టుకుని ముందుకు జరుగుతూ గ్లూకోజులను రెండేసి చొప్పున ఊడదీస్తుంది. మూడోది ఆ జంటలను విడగొడుతుంది. అసలు కీలకం ఈ మూడోదానిదే. అది వెనకబడితే జంటలు పేరుకుని రెండోదాని పని మందగిస్తుంది. రీసైలో తక్కువగా ఊరేది కూడా అదే.

వెలిసినట్టు కనిపించే జీన్సు ప్యాంట్ల వెనకా ఈ ఎంజైములే ఉన్నాయి. నీలిరంగు నూలు పైపొరనే అంటుకుని ఉంటుంది, ఆ పొరను కాస్త కొరికితే రంగు రాలిపోతుంది. ఈ ఎంజైములు రాకముందు ఆ పని ప్యూమిస్ రాళ్లు చేసేవి.

నారుకుళ్లు తెచ్చే పిథియం కణాల గోడలోనూ సెల్యులోజు ఉంది. పొలంలోని ట్రైకోడెర్మా దాని మీదికి వెళ్లేటప్పుడు వాడే ఆయుధాల్లో సెల్యులోజును తెంపే ఎంజైమైన సెల్యులేజ్ ఒకటి. అయితే రైతు తొందరపడి అదే రోజు రసాయన శిలీంద్రనాశిని కూడా పోస్తే ఈ బూజే చచ్చిపోవచ్చు. నేల పదును లేకపోయినా అది నిలవదు.