దీవి చేతులు మారితే: ఊహాచరిత్ర కథపై ఒక పరిశీలన

ఈ మధ్య వరంగల్‌లో ఒక కథాగోష్ఠిలో ఒక యువ రచయిత చదివిన కథ మీద రెండు గంటలసేపు చర్చ జరిగింది. కథ ఇంకా అచ్చుకాలేదు కనుక రచయిత పేరు చెప్పడం భావ్యం కాదు. ఇతివృత్తం ఇది. 1750లలో మచిలీపట్నంతో పాటు ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చిన దివిసీమను ఇంగ్లీషువాళ్లు పట్టుకోలేకపోయారు. కొన్నేళ్లకు అప్పుల్లో కూరుకుపోయిన ఫ్రెంచి ప్రభుత్వం ఆ దీవిని డెన్మార్కుకు అమ్మేసింది. కృష్ణ పాయలకూ సముద్రానికీ నడుమనున్న ఆ నేల డేనిష్ జెండా కింద చల్లగా బతికింది. అక్కడ జమీందారీ లేదు, కరువు లేదు. ఊరూరా బడి ఉంది. ఏటికి ఇవతలి తెలుగువాడు అవతలి తెలుగువాణ్ణి చూసి అసూయపడతాడు. దుబాసీ మనవడు ఐరోపాలో వైద్యం చదివి తిరిగి రావడంతో కథ ముగుస్తుంది.

గోష్ఠిలో కొందరు మిత్రులు దీన్ని పలాయనవాదమన్నారు. జరగని చరిత్రతో అభ్యుదయ రచయితకు ఏం పని అని అడిగారు. ఆ అభ్యంతరాన్ని నేను అంగీకరించలేను. జరిగిందంతా జరగక తప్పనిదే అనే నమ్మకం పాలకవర్గాలకు ఎప్పుడూ పనికొస్తుంది. మరోలా జరిగే వీలుండేదని గుర్తుచేయడంలో తప్పేమీ లేదు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ, జపాన్ గెలిచినట్టు ఊహించి ఫిలిప్ కె. డిక్ 1962లో నవల రాశాడు. మన భాషలో విశ్వనాథ సత్యనారాయణ పురాణవైర గ్రంథమాల పన్నెండు నవలలూ ఇంగ్లీషు చరిత్రకారుల కాలనిర్ణయాన్ని తోసిపుచ్చడానికే పుట్టాయి. అయితే వాళ్ల లెక్కను కాదన్న ఆ నవలలు కూడా రాజవంశాల చుట్టూనే తిరిగాయి. కనుక ప్రక్రియను నిందించి లాభం లేదు. ఊహాచరిత్ర రాసేవాడు చరిత్రలో ఒక ముడి విప్పుతాడు. ఏ ముడి విప్పాడు, దేన్ని ముట్టుకోకుండా వదిలాడు అన్నది చూస్తే అతని దృక్పథం తెలిసిపోతుంది.

మన రచయిత విప్పిన ముడి కొనుగోలుదారు పేరు. అమ్మకాన్ని మాత్రం అతను ముట్టుకోలేదు.

అతని ఊహకు చారిత్రక ఆధారం లేకపోలేదు. 1754 చివర పుదుచ్చేరి గవర్నరు గొదహూ, మద్రాసు గవర్నరు సాండర్స్ రాసుకున్న సంధి ముసాయిదాలో మచిలీపట్నం, దివి ఎవరికి ఏది దక్కాలన్న బేరం ఉంది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోటను పట్టుకోవడంతో ఆ బేరం తుపాకులతో తేలింది. డేనిష్‌వాళ్ల సంగతికి వస్తే, వాళ్లు ఈ దేశంలో కొన్నవాళ్లుగా కంటే అమ్మినవాళ్లుగానే మిగిలారు. 1845లో ట్రాంకబార్‌నూ, శ్రీరాంపూర్‌నూ ఇంగ్లీషు కంపెనీకి అమ్మారు. 1868లో నికోబార్ దీవుల మీద హక్కును కూడా ఇంగ్లీషువాళ్లకే వదిలేశారు. కరీబియన్‌లోని తమ దీవులను అమెరికాకు అమ్మే ముందు 1916లో డెన్మార్కులో ఓటింగు పెట్టారు. ఆ దీవుల ప్రజలకు అందులో ఓటు లేదు. మన కథలోని దివి ప్రజలను కూడా ఎవరూ ఏమీ అడగరు. ఆ మౌనం రచయిత కంటబడలేదు.

జెండా మారితే బతుకు ఎంత మారుతుందో తెలుసుకోవడానికి కల్పన కూడా అక్కర్లేదు. హిందూ మహాసముద్రంలో చరిత్రే ఆ ప్రయోగం చేసి చూపింది. మారిషస్, రీయూనియన్ పక్కపక్కనున్న దీవులు. రెండూ ఫ్రెంచివాళ్లవే, రెండింటిలోనూ బానిసల చాకిరీ మీద తోటలు నడిచాయి. 1810లో రెండింటినీ ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు. 1814 పారిస్ సంధిలో మారిషస్‌ను ఉంచుకుని రీయూనియన్‌ను ఫ్రాన్సుకు తిరిగి ఇచ్చేశారు. మారిషస్ లొంగుబాటు షరతుల్లోనే అక్కడి ఫ్రెంచివాళ్ల ఆస్తులు, చట్టాలు, ఆచారాలు అలాగే ఉంటాయని రాసిచ్చారు. కోట మీద జెండా దిగింది, చెరుకుతోట మాత్రం పాత యజమానిదే. మారిషస్‌లో 1835లోనూ, రీయూనియన్‌లో 1848లోనూ బానిసత్వం రద్దయినప్పుడు పరిహారం రెండు చోట్లా యజమానికే ముట్టింది. ఖాళీ అయిన చోటు నింపడానికి ఇద్దరూ మన తీరం వైపే చూశారు. కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలు మారిషస్ వెళ్లారు. పక్కనే ఉన్న ఫ్రెంచి యానాం నుంచి 1820ల చివరి నుంచే రీయూనియన్‌కు కూలీలను ఎక్కించారు. ఒకే గోదావరి పాయ నుంచి బయలుదేరిన మనుషులు రెండు జెండాల కింద ఒకే చెరుకు నరికారు.

ఆ రెండు దీవుల మధ్య తేడా లేనేలేదని అనడం లేదు. మారిషస్ 1968లో స్వతంత్రమైంది. అక్కడి బడుల్లో తెలుగు చెబుతారు, ఉగాదికి సెలవు ఇస్తారు. రీయూనియన్ 1946 నుంచి ఫ్రాన్సులో ఒక జిల్లాగా ఉంది. అక్కడ మన కూలీల సంతతి ఇంటి నుంచి తెలుగు దాదాపు వెళ్లిపోయింది. కానీ ఈ తేడా ఇంగ్లీషువాడి మంచితనం వల్ల రాలేదు. మారిషస్‌లో మనదేశపు సంతతి ఎక్కువమంది కావడం, వాళ్లు సంఘాలు పెట్టుకోవడం, తోటల్లో సమ్మెలు చేయడం, ఓటు హక్కు కోసం నిలబడటం వల్ల వచ్చింది. ప్రజలు చేసిన పనిని జెండా ఖాతాలో రాయకూడదు.

ఇక మన తీరానికే వద్దాం. ఫ్రెంచి పాలనలో నిజంగా ఉన్న తెలుగు నేల యానాం. 1954 దాకా అది వాళ్లదే. శారదా చట్టం అక్కడ చెల్లదు కనుక, ఇంగ్లీషు ఇలాకాలోని తెలుగువాళ్లు పసిపిల్లల్ని తీసుకెళ్లి అక్కడ పెళ్లిళ్లు చేసి తెచ్చుకునేవారు. దానికి కల్యాణపురమనే పేరే వచ్చింది. స్వేచ్ఛ, సమానత్వం అన్న మాటలు పుట్టిన దేశపు జెండా ఏడేళ్ల పిల్ల మెడలో తాళిని ఆపలేదు.

ఈ ఆలోచనకు తెలంగాణలో మరో రూపం ఉంది. దాన్ని దాచుకోనక్కర్లేదు. సర్కారు జిల్లాలను నిజాం 1766లో ఏటా సొమ్ము కట్టే షరతు మీద కంపెనీకి వదిలేశాడు. 1823లో, ఆ ఏటా వచ్చే 7 లక్షల పేష్కషుకు బదులు కోటీ పదహారు లక్షల పైచిలుకు ఒకేసారి లెక్కగట్టి కంపెనీ ఆ బాధ్యత వదిలించుకుంది. ఆ సొమ్ము నిజాం ప్రభుత్వం పామర్ కంపెనీకి పడ్డ బాకీ కింద పోయింది. వడ్డీవ్యాపారి అప్పుకు జిల్లాలు చెల్లిపోయాయన్నమాట. ఆ జిల్లాల వాళ్లు అమ్ముడుపోయినవాళ్లయితే, వరంగల్‌లో ఉన్న మనం అమ్మినవాడి ఇంట్లో మిగిలినవాళ్లం. ‘మనల్ని కూడా అప్పుడే అమ్మేసి ఉంటే ఆనకట్టలూ బడులూ మనకూ వచ్చేవి’ అని నిట్టూర్చినవాళ్లను నా చిన్నతనంలో విన్నాను. ఈ కథ ఆ నిట్టూర్పు లోంచే పుట్టిందని నా అనుమానం.

ఆ నిట్టూర్పు వెనక వెట్టిచాకిరీ ఉంది, అమ్మభాషలో చదువు లేని బడి ఉంది. దాన్ని ఎగతాళి చేయలేం. కానీ లెక్క పూర్తిగా చూడాలి. ఆ చివరి అమ్మకం జరిగిన పదేళ్లకు, 1832-33లో, గుంటూరు ప్రాంతంలో నందన కరువు వచ్చి లక్షకు పైగా జనాన్ని తీసుకుపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. కరువుల వల్ల శిస్తు పడిపోయాక కట్టిన ఆనకట్ట అది. ఇక ఇవతల, అమ్మకుండా మిగిలిన నేల మీద 1946లో కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక లేచిన జనం తమను కొనేవాడి కోసం ఎదురుచూడలేదు. ‘ఇలా కాకుండా ఎలా?’ అన్న ప్రశ్నను వాళ్లు దేశ్‌ముఖు గడీ ముందు నిలబడి వేశారు. నా దృష్టిలో తెలంగాణ రాసుకోవలసిన ఊహాచరిత్రకు ఆరంభం అక్కడ ఉంది.

చివరిగా, కథలో నన్ను పట్టి నిలిపిన ఒక సన్నివేశం. దీవి చేతులు మారిన రోజు ఒక ఉప్పుకూలీ ఎప్పటిలాగే తట్ట నెత్తిన పెట్టుకుని కొఠారుకు వస్తాడు. గుమాస్తా ఇచ్చిన చీటీ మీద అక్షరాలు మారాయి. అతనికి పాతవీ రావు, కొత్తవీ రావు. తట్టకు ఎంత అని అడుగుతాడు. అంతే అంటాడు గుమాస్తా. రచయిత ఆ కూలీని రెండు పేరాల్లో వదిలేసి దుబాసీ మేడ మెట్లు ఎక్కాడు. పేజీలన్నీ మేడకే పోయాయి.

ఈ సన్నివేశం రాసిన చెయ్యి మంచి చెయ్యి. ఇందులో ఉన్న సత్యం అతనికి తెలిసినదానికంటే పెద్దది. 1815లో లండన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫ్రెంచి స్థావరాల్లో పండే ఉప్పును, స్థానిక వాడకానికి పోను, కొనే హక్కు మొత్తం ఇంగ్లీషు కంపెనీది. దానికి బదులు ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు ఫ్రెంచి ప్రభుత్వానికి ముడతాయి. ఒక జెండా నీడలో పండిన ఉప్పును మరో జెండా ముందే కొనేసుకుంది. ఉప్పుమడిలో కాళ్లు పుండ్లు పడ్డవాడికి ఆ 4 లక్షల్లో వాటా లేదు.

గోష్ఠి అయ్యాక ఆ రచయితతో ఇదే చెప్పాను. డాక్టరును అలాగే ఉండనివ్వండి, కథను మాత్రం కొఠారు దగ్గర మొదలుపెట్టండి. కూలీ ఆ చీటీని గుమాస్తా చేతికే తిరిగి ఇచ్చి, తట్ట దించి, వెనకున్నవాళ్ల వైపు తిరిగితే ఏమవుతుందో ఊహించండి. అతను కాసేపు ఆలోచించి, అలా రాస్తే దీవిని ఎవరు కొన్నారన్నది కథకు అక్కర్లేకుండా పోతుందేమో అన్నాడు. పోనివ్వండి, ముందు రాసి తీసుకురండి అన్నాను.