శాసనం చెప్పని పతనం: పల్నాటి సాక్ష్యం

కీలకపదాలు: ఇక్ష్వాకులు, విజయపురి, ఛాయాస్తంభం, పల్నాటి వీరచరిత్ర, మౌఖిక సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

నాగరికతలు కూలడానికి బయటి దాడి కంటే లోపలి వైఫల్యమే ప్రధాన కారణమని ఆర్నాల్డ్ టాయిన్‌బీ ప్రతిపాదించాడు. పల్నాటి చరిత్రను ఆ దృష్టితో పరిశీలించేటప్పుడు ముందుగా తేల్చవలసిన ప్రశ్న ఒకటుంది. పతనాన్ని ఎవరు నమోదు చేశారు?

2. విజయపురి శాసనాలు

శాతవాహనుల అనంతరం క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకులు విజయపురి రాజధానిగా పాలించారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుని అశ్వమేధం, అతని సోదరి శాంతిశ్రీ మహాచైత్యానికి చేసిన సేవ, ఉపాసిక బోధిశ్రీ దానాలు నాగార్జునకొండ ప్రాకృత శాసనాలకెక్కాయి. అక్కడి ఛాయాస్తంభాలు రాజుతోపాటు సైనికులనూ స్మరిస్తాయి. అయితే ఆ వంశం ఎలా అంతరించిందో ఈ శాసనాలు చెప్పవు. మంచికల్లులోని పల్లవ సింహవర్మ శాసనాన్ని బట్టి అధికారం చేతులు మారిందని ఊహించవలసిందే. దాత కీర్తి కోసం పుట్టిన శాసనానికి ఇది సహజమైన పరిమితి.

3. కారెంపూడి కథ

12వ శతాబ్ది నాటి పల్నాటి యుద్ధం విషయంలో పరిస్థితి భిన్నం. ఇక్కడ పతనమే కథావస్తువు. వీరవిద్యావంతులు తరతరాలుగా గానం చేస్తున్న ఈ కథకు శ్రీనాథుని పేర ద్విపద రూపం ఉంది. దానిని అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు. ఏటా కార్తీకమాసంలో కారెంపూడిలో జరిగే వీరుల ఉత్సవం ఆ స్మృతిని నిలుపుతోంది.

ఈ సాక్ష్యాన్నీ యథాతథంగా స్వీకరించలేం. వినాశానికి మూలంగా కోడిపందెం, నాయకురాలు నాగమ్మ కుయుక్తి జనస్మృతిలో స్థిరపడ్డాయి. కానీ కథాక్రమంలో దాయాదుల మధ్య గురజాల, మాచెర్లలుగా రాజ్యం చీలడం పందేనికి ముందే జరిగింది. బ్రహ్మనాయుని చాపకూడు కులకట్టుబాట్లను కదిలించింది. మాల కన్నమదాసు సేనానాయకుడయ్యాడు. ఇన్ని ఘర్షణలు కథలోనే ఉండగా దోషమంతా ఒక స్త్రీపై మోపడం విమర్శకు నిలవదు.

4. ముగింపు

శాసనం పతనం విషయంలో మౌనం వహిస్తే, గేయం దానికి వ్యక్తులను బాధ్యులను చేసింది. నాగార్జునసాగర్ జలాశయం నిండకముందు 1954-60 మధ్య జరిగిన తవ్వకాలు విజయపురి శిలలను కాపాడాయి. పాట విషయంలోనూ అంతటి శ్రద్ధ అవసరం. నూజెండ్ల నుంచి మాచెర్ల వరకు పల్నాటి గ్రామాల్లో వినిపించే కథనాలను సేకరించి, ద్విపదతో పోల్చి చూడాలి. అప్పుడు యుద్ధం ఎలా జరిగిందన్నదానితోపాటు, తమ రాజ్యం ఎందుకు కూలిందని జనం భావించారో పరిశోధనకు అందుతుంది.