బాలచందర్ తెలుగు చిత్రములు: భాషాంతర సమస్య

ఒక భాషయందు పుట్టి పెరిగిన కళాకారుడు మఱియొక భాషయందు కృషి సల్పినపుడు, ఆ కృషి ఏ భాషాసంస్కృతికి చెందునను ప్రశ్న మన పరిశోధకులకు క్రొత్తది గాదు. నన్నయ భారతము మొదలుకొని నేటి నవలానువాదముల వఱకు, ఎంతమేర మూలానుసరణము, ఎంతమేర స్వతంత్రత యని విచారించుచునే యున్నాము. చలనచిత్రముల విషయమున మాత్రము ఈ విచారణ మిక్కిలి తక్కువ. తమిళమున ప్రసిద్ధుడై, తెలుగునను ఇరువదియేండ్లపాటు చిత్రములను నిర్మించిన దర్శకుడు కె. బాలచందర్ ఇందులకు తగిన యుదాహరణము. విశాఖపట్టణము నేపథ్యముగా నాతడు తీసిన ‘మరోచరిత్ర’ ఈ చర్చకు కేంద్రము కాదగియున్నది.

బాలచందర్ 1930 జూలై 9వ తేదీన తంజావూరు మండలమున జన్మించెను. అన్నామలై విశ్వవిద్యాలయమున పట్టము పొంది, కొంతకాలము బడిపంతులుగా నుండి, పిదప మద్రాసులోని అకౌంటెంటు జనరలు కార్యాలయమున గుమాస్తాగా చేరెను. కార్యాలయపు పని ముగిసిన పిమ్మట నాటకములు వ్రాసి, ఆడించెను. 1965లో ‘నీర్‌కుమిళి’తో చిత్రదర్శకుడయ్యెను. నాటకరంగమున నేర్చిన సంభాషణా నైపుణ్యమును, మధ్యతరగతి కుటుంబమును లోపలినుండి చూచు దృష్టియు నాతనిని కడవఱకు విడువలేదు. 2010వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందుకొని, 2014 డిసెంబరు 23వ తేదీన మరణించెను.

ఆతని తెలుగు చిత్రములను మేము మూడు తెగలుగా విభజించుచున్నాము. మొదటి తెగ తమిళ కథను తెలుగు ఇంటికి తరలించునది. ‘భలే కోడళ్లు’ (1968), ‘అంతులేని కథ’ (1976), ‘ఇది కథ కాదు’ (1979) ఇట్టివి. ‘అంతులేని కథ’కు మూలము 1974 నాటి తమిళ చిత్రము. ఉద్యోగము చేసి కుటుంబము నంతటిని పోషించు కన్య యందలి కథానాయిక. ఆమె కష్టము మద్రాసుననైనను ఆంధ్రదేశముననైనను ఒక్కటియే గనుక తరలింపు సుకరమయ్యెను. పాత్రల పేళ్లు మారినవి, పలుకు మారినది, సమస్య మారలేదు. సరసముగా సాగిన యనువాదమునకు లభించు ప్రశంస యీ తెగకు న్యాయముగా లభింపవలెను, అంతకు మించి గాదు.

రెండవ తెగకు ‘మరోచరిత్ర’ (1978) ఒక్కటియే ప్రతినిధి. ఇది తమిళమునుండి వచ్చినది గాదు, తెలుగుననే పుట్టినది. విశాఖపట్టణమున ఇరుగుపొరుగున నివసించు తమిళ యువకుడు బాలు, తెలుగు యువతి స్వప్న పరస్పరము ప్రేమింతురు. పెద్దలు ఒక యేడాది యెడబాటును షరతుగా విధింతురు. భాషాంతరీకరణమున సాధారణముగా మఱుగుపడవలసిన పరభాష ఇచట కథకే కారణమైనది. తాను తెలుగువారికి పరాయివాడనన్న సత్యమును దర్శకుడు దాచుకొనక, దానినే కథావస్తువుగా గ్రహించెను. ఈ చిత్రపు బలమంతయు నిందే యున్నదని మా యభిప్రాయము.

స్థలము నెన్నుకొనుటయందును ఔచిత్యము కలదు. విశాఖపట్టణము 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడు వఱకు మద్రాసు రాష్ట్రమున నుండినది. 1933లో ఓడరేవు తెరువబడిన పిమ్మట ఉద్యోగ వ్యాపారములకై పలుభాషలవారు ఇచట స్థిరపడిరి. ఇట్టి పట్టణమున తమిళ కుటుంబమునకు ప్రక్కయిల్లు తెలుగువారిదగుట కల్పన యని తోపదు. రాష్ట్రవిభజన నాటి మద్రాసు వివాదము స్మృతిలో నున్న తరమువారే యీ కథయందలి తల్లిదండ్రులు కాదగుదురు. వారి యయిష్టమున కులాచార భేదముతోపాటు ఆ పాత కినుకయు ధ్వనించుచున్నదని మేము భావింతుము.

లిఫ్టులో జరుగు గీత సన్నివేశము ప్రత్యేకముగా పరిశీలింపదగినది. తెలుగు సరిగా రాని నాయకుడు తెలుగు చిత్రముల పేళ్లను వరుసగా కూర్చి పాటగా పాడి, నాయికను ప్రసన్నురాలిని జేసికొనును. పైకిది వినోదమే. కాని భాష రానివానికి ఆ భాషలో మొదట దొరకునవి గోడపత్రికలపైని పేళ్లేయన్న లోకానుభవము నిందు గమనింపవలెను. వ్యాకరణము లేదు, క్రియలు లేవు. పేళ్లమాలయే వాక్యమై భావమును చేర్చుచున్నది. ఆత్రేయ రచనానైపుణ్యము ఇట నిరూపితమైనది.

అయినను ఈ చిత్రమున నొక లోపము కలదు. రెండు భాషలు ఒక కాపురమున నిముడునా యన్న ప్రశ్నతో మొదలైన కథ, ఎడబాటు పిమ్మట ఆ ప్రశ్నను విడిచినది. నాయికపై అత్యాచారము, నాయకునిపై దౌర్జన్యము, ఇరువురి మరణము — ఇవి యన్నియు బయటినుండి వచ్చిపడిన యాపదలు. పెద్దలు సమాధానము చెప్పవలసిన యవసరము వారి మృతితో తప్పిపోయినది. విషాదాంతము ప్రేక్షకుని కంట నీరు తెప్పించుటలో సఫలమైనది గాని, ఆరంభమున వేసిన చిక్కుముడిని విప్పలేదు.

ఈ చిత్రము తమిళమునకు మార్పబడకయే మద్రాసున తెలుగుననే ప్రదర్శింపబడి యేడాదికి మించి యాడినది. 1981లో ‘ఏక్ దూజే కే లియే’ యను పేర హిందీలో పునర్నిర్మింపబడినపుడు, విశాఖ స్థానమున గోవా వచ్చినది. తెలుగు యువతి స్థానమున ఉత్తరదేశపు యువతి వచ్చినది. ఇరుగుపొరుగు సోదరభాషల మనస్పర్థ ఉత్తర దక్షిణ భేదముగా విస్తరించినది. విస్తృతి పెరిగిన మేర సూక్ష్మత తగ్గినదని పోల్చి చూచిన వారికి తెలియును.

మూడవ తెగకు ‘ఆకలిరాజ్యము’ (1981) ఉదాహరణము. దీని తమిళరూపము 1980 నాటిది; ఆ పేరునకు ‘దారిద్ర్యపు రంగు ఎఱుపు’ అని యర్థము. ఢిల్లీలో పనిలేక తిరుగు యువకుడు తమిళమున భారతి కవిత్వమును, తెలుగున శ్రీశ్రీ కవిత్వమును పఠించును. ఇది కేవలము పేరు మార్పు గాదు. భారతి 1921లో, స్వాతంత్ర్యమునకు చాల ముందే గతించిన కవి. స్వతంత్ర భారత రాజధానిలో ఆతని పలుకులు వినిపించినపుడు అవి నెఱవేరని వాగ్దానమువలె ధ్వనించును. శ్రీశ్రీ విశాఖపట్టణమున 1910లో జన్మించి, చిత్రము విడుదలైన నాటికి జీవించియుండిన కవి. ‘మహాప్రస్థానము’ గ్రంథరూపమున 1950లో, స్వాతంత్ర్యము వచ్చిన పిదప, వెలువడినది. కావున తెలుగు ప్రేక్షకునకు ఆ పద్యములు తీరని యాశగా గాక, కొనసాగుచున్న అభియోగముగా వినిపించును. కథ యొక్కటియే, కవి మారుటతో రసము మారినది. ఇంతటి మార్పునకు మొదటి తెగలో తావులేదు.

ఈ తెలుగుదనమునకు కర్త యెవరన్నది తేల్చుకొనవలసిన విషయము. ‘మరోచరిత్ర’, ‘ఆకలిరాజ్యము’ చిత్రములకు సంభాషణలు వ్రాసినవాడు గణేష్ పాత్రో. ఉత్తరాంధ్రమునందలి పార్వతీపురము ప్రాంతమువాడు. ‘కొడుకు పుట్టాల’ నాటకముతో పేరొందిన నాటకకర్త. దర్శకుడును రచయితయు నాటకరంగమునుండియే వచ్చుటచే సంభాషణ కథను నడపు సాధనమైనది. ‘రుద్రవీణ’ (1988)యందును వీరి కలయికయే ఫలించినది. ఆ చిత్రము తొలుత తెలుగున వెలువడి, పిదప అదే సంవత్సరము తమిళమునకు వెళ్లినది. జాతీయ సమైక్యతకు సంబంధించిన నర్గీస్‌దత్ పురస్కారమును పొందినది. తెలుగునకు కథలు తెచ్చిన దర్శకుడు తుదకు తెలుగునుండి కథ గొనిపోయెను. బాలచందర్ మరణించిన పదుమూడు దినములకు, 2015 జనవరి 5వ తేదీన, పాత్రో మరణించెను. దర్శకుని కీర్తి నిలిచినంతగా సంభాషణాకర్త కీర్తి నిలువలేదు.

పరభాషా దర్శకుడు తన పరాయితనమును మఱుగుపఱచినచోట మంచి యనువాదకుడుగా నిలిచెను. దానిని కథలోనికి తెచ్చుకొనినచోటను, మన కవిని మూలకవి స్థానమున నిలిపినచోటను మన సాహిత్యచరిత్రలో భాగస్వామి యయ్యెను. తమిళ తెలుగు ప్రతుల సంభాషణలను ప్రక్కప్రక్కన నుంచి, మార్పులను సన్నివేశముల వారీగా గుర్తించు పని పరిశోధక విద్యార్థులు చేపట్టదగినది. అట్టి పని జరిగిననాడు, తమిళ దర్శకునకు చెల్లవలసిన దెంత, తెలుగు రచయితకు చెల్లవలసిన దెంత యన్నది ఊహకు విడువక నిర్ణయింప వీలగును.