త్రవ్వకముల నివేదికలలో కర్తృలోపము

పురాతత్త్వ నివేదికలు శాస్త్రగ్రంథములే యైనను వాక్యములతో కూడినవి గనుక విమర్శకు లోబడవలసినవే. వాక్యమున కర్త యెవడు, కరణ మేది, కర్మ యేది యని యడుగుట వైయాకరణుని పని. ఆ ప్రశ్నను నాగార్జునకొండను గూర్చిన వాఙ్మయమున కడిగినచో వచ్చు సమాధానము చిత్రముగా నున్నది.

పల్నాటి సీమలో కృష్ణకు కుడిగట్టున నున్న ఆ లోయలో సూరపరాజు వెంకటరామయ్య యను బడిపంతులు 1926వ సంవత్సరమున నొక ప్రాచీనస్తంభమును చూచి మద్రాసు ప్రభుత్వమువారికి తెలియజేసెను. శాసనశాఖలో తెలుగు సహాయకుడుగా నుండిన రంగస్వామి సరస్వతి వచ్చి స్థలప్రాముఖ్యము నెఱిగెను. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు అచట పని నడపెను. ఆయన గ్రంథము 1938లో పురాతత్త్వశాఖవారి 54వ మెమాయిరుగా వెలువడినది. అంతట లోకమున నిలిచిన వాక్యము: “లాంగ్‌హర్స్టు త్రవ్వెను.” బడులలో పిల్లలు వల్లించునదియు నిదియే.

ఈ వాక్యము తప్పు. భావమునకు పిమ్మట వత్తము. ముందు వ్యాకరణముచేతనే తప్పు. పాణిని కర్తను స్వతంత్రుడని నిర్వచించి, ఆ స్వతంత్రుని ప్రేరేపించువానికి హేతువను వేఱొక సంజ్ఞ నొసగెను. హేతువునకును కర్తృసంజ్ఞ కలదు. కాని ప్రేరణమును తెలుపు ప్రత్యయము క్రియలో నుండితీరవలెను. మన భాషలో నా పని ఇంచుక్కు చేయుచున్నది. త్రవ్వినవాడు వేఱు, త్రవ్వించినవాడు వేఱు. “రాజు చెఱువు త్రవ్వించెను” అని పల్లెలోని ముసలమ్మయు ననును గాని త్రవ్వెనని యనదు. ఆమె కున్న వివేకము మన చరిత్రవ్యాసములకు లేకపోయినది. త్రవ్వించెననగానే ఎవరిచేత నను ఆకాంక్ష పుట్టును. త్రవ్వెననినచో నా యాకాంక్షయే యుండదు.

కనుగొనబడెనను ప్రయోగము ఇంతకంటె సుకరమైన తప్పుదారి. తెలుగున బడుధాతువుతోడి కర్మణిప్రయోగము వ్యవహారమున నరుదు. అనువాదముల వెంట నది మన వచనమున బలిసినది. దానితో తృతీయాంతమైన కర్తను జారవిడుచుట యలవాటైనది. మన సహజమైన మాట ‘దొరకెను’. నాణెము దొరకెననినచో వినువాడు వెంటనే ‘ఎవరికి?’ అనును. గంప మోయు స్త్రీకి దొరకెనా, పలుగు పట్టినవానికి దొరకెనా? కనుగొనబడెననినచో నిట్లడుగువాడు లేడు.

ఇచట నొక పూర్వపక్షము. కూలివాడు పారవలె కరణమే గాని కర్త కాడు. జ్ఞానము త్రవ్వించినవానిది అని యందురు. కారకములు వక్త యొక్క వివక్ష ననుసరించునని వైయాకరణులు చెప్పుదురు. కుండలో వండునపుడు కుండయే వండుచున్నదనియు ననవచ్చును. ఆ స్వేచ్ఛ నివేదికాకర్తలకును కలదు. వారు దాని నెట్లు వాడుకొనిరో చూడుడు. కందకము ఇటుకగోడను బయల్పఱచినదందురు. దిబ్బ పూసల నిచ్చినదందురు. కందకమునకు కర్తృత్వము లభించినది, దిబ్బకు లభించినది. కందకము తీసినవానికి మాత్రము కరణత్వమైనను వాక్యములో దక్కలేదు. అతడు ఛాయాచిత్రమున గోడప్రక్క నిలువబడి దాని యెత్తును తెలుపు కొలబద్ద యగును.

ఈ లోపము ప్రాచీనమైనదా? ఆ లోయలోని శాసనములే కాదని సాక్ష్యమిచ్చుచున్నవి. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 14వ యేట ఉపాసిక బోధిసిరి చైత్యగృహము నర్పించి వేయించిన ప్రాకృతశాసనము కలదు. హాలండు పండితుడు వోగెల్ దానిని ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటమున ప్రకటించెను. అందు దాత్రి పేరు, ఆమె బంధువుల పేళ్లు ఉన్నవి, అది సహజమే. పని నడపించిన నవకమ్మికులు మువ్వురు, చందముఖ, ధమ్మనంది, నాగ థేరులు, పేర్కొనబడిరి. వారి విషయమున ప్రేరణార్థకమగు ‘కారితం’ అను రూపమే ప్రయుక్తమైనది. అంతటితో నాగక, రాతిపని విధికుడను శిల్పిదని చివర చెప్పబడినది. అచట ‘కమ్మం’ అనుటయే గాని ‘కారితం’ అనుట లేదు. ఇచ్చినది, చేయించినవారు, చేసినవాడు — ముగ్గురికి మూడు తావులు. మూడవ శతాబ్దమున నొక శిల్పికి పేరు దక్కిన చోటనే ఇరువదవ శతాబ్దమున మన్నెత్తినవారి పేళ్లు లుప్తమైనవి.

విద్య లేనందున వారి పేళ్లు నిలువలేదనువారు కావలివారి కథను తలంపవలెను. కర్నలు మెకంజీకి దేశభాషల ద్వారము తెఱచినవాడు ఏలూరివాడగు కావలి వెంకట బొఱ్ఱయ్య. 1803లో చిన్నవయసుననే గతించెను. ఆ ఋణమును మెకంజీ 1817 నాటి లేఖలో నొప్పుకొనెను. ఆయన నిందార్హుడు కాడు. కాని 1821లో మెకంజీ గతించిన పిమ్మట, బొఱ్ఱయ్య తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని తాను కొనసాగింతునని కోరగా కలకత్తా పండితసభవారు త్రోసిపుచ్చిరి. లక్ష్మయ్యకు విద్య కొఱవడలేదు. వెంకటరామయ్య పేరైనను బడిపంతులగుటచే, అర్జీ వ్రాయ నేర్చినవాడగుటచే మిగిలినది. ఆ లోయ నిర్జనము కాదు; పుల్లారెడ్డిగూడెమను పల్లె యందే యుండెను. పంతులుకంటె ముందే ఆ స్తంభము నెఱిగినవారు పసులకాపరులలో నుండియుందురని యూహించుట కష్టము కాదు. పండితులము పంతులు పేరుతో తృప్తినొందుటలో కొంత స్వకులాభిమానము లేకపోలేదు.

ఈ లోపము మనదేశమునకే పరిమితము కాదు. 1922 నవంబరు 4న ఐగుప్తు దేశమున తూతంఖామను సమాధికి తొలి మెట్టు బయటపడినది. కార్టరు తన మేస్త్రీల పేళ్లు చెప్పి కృతజ్ఞత తెలిపెను గాని, ఆ మెట్టుపై మొదట చేయి తగిలిన కూలివాని పేరు చెప్పలేదు.

పల్లెవారి జ్ఞానము వారి మాటలలోనే నిలిచియున్నది. కల్వకుర్తి, దేవరకొండ సీమల జనులు పాడుపడిన యూరి దిబ్బను పాటిగడ్డ యందురు. పాడు శబ్దమునకు ఔపవిభక్తికము పాటి. పాటిమన్ను చేలకు బలమని వారు తరతరములుగా తోలుకొనిరి. అందు పెంకులు, పూసలు, బూడిద చూచినవారే యా పేరు పెట్టిరి. పెద్దబండల పూర్వసమాధులు వారికి రాకాసిగుళ్లు. పరిశోధకుడు దిబ్బ పేరు విని దిగినచో, తొలినిర్ణయ మా పేరు పెట్టినవానిది గాదా? పాలమూరు కూలి యను మాట పెక్కు ఆనకట్టల కథలలో వినవచ్చును. ప్రారంభ శిలాఫలకములపై కానరాదు.

కల్వకుర్తికి తూర్పున, దేవరకొండ సీమ కడపట, కృష్ణ యెడమగట్టున ఏలేశ్వరము. నాగార్జునసాగరమున మునుగనున్నదని యచట త్రవ్వించిరి. మహమ్మదు అబ్దుల్ వహీదుఖాను రచించిన ఏలేశ్వర నివేదిక 1963లో వెలువడినది. ఆవలిగట్టున సుబ్రహ్మణ్యముగారి పర్యవేక్షణమున 1954 మొదలు 1960 వఱకు పని జరిగినది. కొన్ని కట్టడములను ఱాయి ఱాయిగా విప్పి కొండపైకిని అనుపునకును చేర్చిరి. ఆ ఱాళ్ల నెవరు మోసిరి? నాడు ఇరువదేండ్ల వయసువానికి నేడు తొంబదికి చేరువ. కూలి లెక్కల చిట్టాలు ఏ కచ్చేరిలోనైన మిగిలియున్నచో వానిని శాసనములవలె ప్రతిలేఖనము చేయవలెను. లేనిచో ఆ మునిగిన పల్లెలవారు స్థిరపడిన యూళ్లకు పోయి, ముదుసలుల నడిగి, పేరు, ఊరు, చేసిన పని వ్రాసికొనవలెను. పాఠ్యపుస్తకములలో ‘త్రవ్వెను’ అనుచోటనెల్ల ‘త్రవ్వించెను’ అని దిద్దుటకు మాత్రము ఏ చిట్టాయు నక్కఱలేదు. బడిపండితులు రేపే దిద్దవచ్చును.