ముంగారి ఎంత, హింగారి ఎంత?

మా బత్తలపల్లెలో చాలా ఇళ్లలో కాలికింద ఉండేది తాడిపత్రి బండ. ఊరి చుట్టూ ఉన్న గుండ్లు మాత్రం గ్రానైటువి. వాన వాటి మీద నుంచి జారిపోతుందే గానీ లోపల గుహ తొలచదు. నీళ్లకు కరిగే రాయి కావాలంటే తాడిపత్రి దాటి కొలిమిగుండ్ల దిక్కు పోవాలి. అక్కడ నేలంతా నాపరాయి, అంటే పలకల సున్నపురాయి. అందులోనే బెలుం గుహలు ఉన్నాయి, 3,229 మీటర్ల పొడవున. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లోనే వీటి గురించి రాశాడు. వందేళ్ల తర్వాత ఒక జర్మన్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది.

నన్ను పట్టుకున్నది ఆ పొడవు కాదు, అలాంటి గుహల్లో నేల మీద నుంచి మొలకల్లా లేచే స్టాలగ్మైట్లు. వాన నీరు మట్టిలో ఇంకుతూ అక్కడి బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాయిని కరిగిస్తుంది. గుహ కప్పు నుంచి చుక్క రాలగానే ఆ వాయువు గాలిలోకి పోతుంది, సున్నం కింద పేరుకుంటుంది. చాలాచోట్ల ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు కూడా పెరగదు. అంత పలచని పొరలో ఆనాటి వాన గుర్తు ఉంటుంది.

ఆ గుర్తు ఆక్సిజన్‌ది. ఆక్సిజన్‌లో తేలికది 16, బరువైనది 18. మబ్బు కురిసేటప్పుడు బరువైనది ముందు రాలిపోతుంది. కాబట్టి గట్టిగా, ఎక్కువసేపు కురిసిన వానలో 18 పాలు తగ్గుతుంది. స్టాలగ్మైటును నిలువునా కోసి, పంటి డాక్టరు వాడేలాంటి సన్నని డ్రిల్లుతో పొర పొరకూ చిటికెడు పొడి తీసి కొలుస్తారు. ఏ పొర ఏ కాలానిదో చెప్పేది యురేనియం. అది నీళ్లలో కరిగి పొరలోకి చేరుతుంది, థోరియం దాదాపు కరగదు. తర్వాత యురేనియం నుంచే థోరియం పుడుతుంది గనుక, ఎంత పుట్టిందో చూస్తే వయసు తేలుతుంది. అయిదు లక్షల ఏళ్ల దాకా ఈ లెక్క పనిచేస్తుంది. బంకమట్టి కలిసిందా, అది తెచ్చిన థోరియంతో లెక్క తప్పుతుంది. ఇంత తతంగానికి నిలబడి ఉన్న రాయిని విరగ్గొట్టక, వీలైనంత వరకు విరిగి పడి ఉన్నవే తీసుకుంటామనే శాస్త్రజ్ఞులంటే నాకు గౌరవం.

మన వైపు నుంచీ ఇలాంటి లెక్క ఒకటి వచ్చింది. కర్నూలు ప్రాంతపు వాల్మీకి గుహ స్టాలగ్మైటు మీద హైదరాబాద్ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రజ్ఞులు, తైవాన్ వాళ్లతో కలిసి 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. దాదాపు 15,700 ఏళ్ల కిందట మొదలయ్యే ఒక వెయ్యేళ్ల ముక్క అది. మంచుయుగం సడలుతున్న కాలంలో రుతుపవనం ఎంత చపలంగా ఉండేదో అందులో కనిపిస్తుంది. మనుషుల కరువులకు దగ్గరైనది మాత్రం బస్తరు అడవుల్లోని దండక్ గుహ. క్రీ.శ. 600 నుంచి 1500 దాకా దాని లెక్క ఉంది. పద్నాలుగు, పదిహేను శతాబ్దాల్లో వానలు దశాబ్దాల తరబడి బక్కచిక్కాయని అది చెబుతోంది. దక్కనులో దుర్గాదేవి కరువుగా చెప్పుకునేది ఆ రోజుల్లోనిదే, 1396లో మొదలైంది.

మా పెద్దోళ్లు కరువును సంవత్సరం పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. 1876లో మొదలైంది ధాతు కరువు. భారత వాతావరణ శాఖ పుట్టింది దానికి ఒక్క ఏడాది ముందే. అంతకు ఎన్నో శతాబ్దాల వెనకటి వానల సంగతి తెలియడానికి ఇలాంటి రాళ్లూ ఒక దారి. అయితే ఆ రాయి చెప్పే మాట మా సీమ రైతుకు ఎంతవరకు పనికొస్తుందన్నది నా సందేహం.

పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ అంకె చూసి ఎవరూ శెనక్కాయ విత్తరు. నైరుతి తెచ్చే ముంగారి పదును ఎప్పుడు దొరికింది, ఊడలు దిగే వేళకు వాన పడిందా లేదా, అంతే. సగటుకు మించి వాన పడిన ఏడాదీ చేను ఎండొచ్చు. స్టాలగ్మైటులో ఇది ఉండదు. కొన్నేళ్ల నీళ్లు మట్టిలో, రాతి పగుళ్లలో కలిసి దిగి ఒకే చుక్కగా రాలుతాయి. పైగా మనకు రెండు వానలు. బంగాళాఖాతం వాయుగుండాలు తెచ్చే హింగారి వానలో బరువైన ఆక్సిజన్ సహజంగానే తక్కువ. రాతిలో 18 తగ్గిందంటే వాన ఎక్కువైందనా, లేక ముంగారి ముఖం చాటేసి హింగారి మీదే బతికిన కాలమనా? ఎండకు మట్టిలోనే కొంత నీరు ఆవిరైతే 18 పాలు పెరిగి కరువును మరీ పెద్దది చేసి చూపించే ప్రమాదమూ ఉంది. మేఘాలయ గుహ రాయి మీద ఆనవాలు పట్టి 4,200 ఏళ్ల కిందట ఒక భూయుగమే మొదలైందని 2018లో ప్రకటించారు. అది వాన కుండపోతగా కురిసే చోటు. దాన్ని చదివినట్టు మన ఎండు నేల రాయిని చదివితే కుదరదు.

దీనికి దారి ఆ శాస్త్రంలోనే ఉంది, బెలుం లాంటి గుహలో రాలే చుక్కను నెలనెలా సీసాలో పట్టి కొలవడం. పైన కొలిమిగుండ్లలో పడిన వానను కూడా అలాగే నెలవారీగా దాచాలి. ముంగారి చుక్క కిందికి ఎన్నాళ్లకు చేరుతుందో, హింగారి చుక్కకూ దానికీ ఎంత తేడా ఉందో అప్పుడు చూడొచ్చు. వాన సీసా పట్టడానికి ఆ ఊరి హైస్కూలు పిల్లలు చాలు. వాన పడగానే మూత బిగించాలి, నీరు ఆవిరి కాకూడదు. కనీసం పదేళ్లు, వాన ముఖం చూడని నెలల్లో కూడా రిజిస్టరులో సున్నా వేస్తూ పోవాలి.