చివరి రెండు బోల్టులు

ఇంజిన్ ఆయిల్ మార్చాక మెకానిక్ బల్ల మీద రెండు బోల్టులు మిగిలిపోతే కారు ఆగిపోదు. స్టార్ట్ అవుతుంది, ఇల్లు చేరుతుంది, నెల తిరిగినా ఏమీ అనదు. అందుకే ఆ రెండూ అంత తేలిగ్గా మిగిలిపోతుంటాయి. అవి చాలాసార్లు కారు ముందు భాగానికి అడుగున ఉండే నల్లటి ప్లాస్టిక్ అండర్‌ట్రేవి. చాలా కార్లలో దాన్ని విప్పితే గాని ఆయిల్ ఫిల్టర్ చేతికి అందదు. విప్పేటప్పుడు ఉన్న ఓపిక బిగించేటప్పుడు ఉండదు.

మా డెట్రాయిట్ శివార్లలో ఒక తెలుగు కుర్రాడు పాత మాజ్డా ఎమ్‌ఎక్స్-5 కొనుక్కున్నాడు. హెడ్‌లైట్లు పైకి లేచే తొలి తరం కారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చిన మోడల్ అది. రెండే సీట్లున్న ఎమ్‌ఎక్స్-5ల తయారీ, అన్ని తరాలూ కలిపి, 2016 ఏప్రిల్‌లో పది లక్షల మైలురాయి దాటిందంటే మనుషులు దాన్ని ఎంతగా ప్రేమించారో అర్థమవుతుంది. కుర్రాడి ప్రేమకు మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. ఊళ్లో తిరిగితే ఏమీ లేదు, హైవే ఎక్కితే చాలు వేడి చూపించే ముల్లు సగం దాటి పైకి పోతోంది. కూలెంట్ మార్పించాడు, థర్మోస్టాట్ మార్పించాడు, చివరికి కొత్త రేడియేటర్ కూడా వేయించాడు. జబ్బు జబ్బులాగే ఉంది. “అన్నయ్యా, ఒకసారి మీరు చూస్తారా?” అంటూ మా ఇంటికి తెచ్చాడు.

ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కితే ముందు ఫ్యాన్‌ను అనుమానించాలి. పరుగెడుతున్నప్పుడే వేడెక్కుతోందంటే, అందులోనూ రేడియేటర్ కొత్తదైతే, గాలి నడిచే దారి చూడాలి. జాకీ ఎక్కించి కింద టార్చి వేసి చూశాం. ట్రే లేదు. ఎప్పుడో ఊడిపోయిన దాని గుర్తుగా తుప్పు పట్టిన మూడు నాలుగు బోల్టుల కింద నల్లటి ప్లాస్టిక్ పీలికలు మాత్రం నొక్కుకుని ఉన్నాయి.

“ఈ ప్లాస్టిక్ రేకుకీ ఇంజిన్ వేడికీ సంబంధం ఏంటన్నయ్యా?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. బంపర్ నోట్లోంచి దూరిన గాలికి రేడియేటర్ సన్న రెక్కల మధ్య నుంచి వెళ్లడం కష్టం, దాని కింది నుంచి జారిపోవడం సులువు. ట్రే ఉంటే ఆ సులువు దారి మూసుకుపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. రేడియేటర్ గుండా గాలి పారాలంటే దాని ముందు ఒత్తిడి ఎక్కువగా, వెనక తక్కువగా ఉండాలి. అడుగున మూత లేకపోతే కారు కింద పరుగెత్తే గాలి పైకెగసి ఇంజిన్ గదిలో నిండుతుంది. వెనక ఒత్తిడి పెరుగుతుంది, ముందుకూ వెనకకూ తేడా తగ్గిపోతుంది, ఎంత కొత్త రేడియేటరైనా చతికిలబడుతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు ఫ్యాన్ లాగుతుంది కాబట్టి బయటపడదు. వేగం పెరిగేకొద్దీ బయటపడుతుంది.

కారు అడుగున గాలి చేసే పనిని పోటీ కార్లవాళ్లు ఎప్పుడో పట్టుకున్నారు. 1978లో మారియో ఆండ్రెట్టి ఫార్ములా వన్ ఛాంపియన్ కావడానికి లోటస్ 79 కారును నేలకు అదిమిపట్టిన దాని అడుగుభాగం ఆకారమే పెద్ద అండ. 2023లో ఆస్టిన్ రేసు తర్వాత లూయిస్ హామిల్టన్, షార్ల్ లెక్లెర్ ఇద్దరినీ అనర్హులను చేసింది కూడా, కారును మరీ నేలకు దగ్గరగా దించకుండా కింద పెట్టే పలక పరిమితికి మించి అరిగిపోవడమే. ఎమ్‌ఎక్స్-5 ట్రే ఆ కోవలోది కాదు, నేలకు అదిమిపట్టే శక్తి ఇందులో వెతకనక్కర్లేదు. దీని పని గాలిని దారిలో పెట్టడం, బెల్టుల మీదికి నీళ్లూ బురదా చిమ్మకుండా చూడడం. ఆ పని చాలు.

పాత కార్ల యార్డులో ట్రే దొరికింది. ముందు కడిగాం. ఏళ్ల తరబడి పేరుకున్న నూనె జిడ్డులో ఎండుటాకులు అతుక్కుని ఉంటాయి. వేడి ఇంజిన్ కింద అలాంటిది ఉండకూడదు. ఒక మూలన పగులు ఉంది. పగులు ఆగే చోట సన్నటి డ్రిల్‌తో చిన్న రంధ్రం వేస్తే అది ఇక అంత సులువుగా ముందుకు పాకదు. చిరిగిపోయిన బోల్టు రంధ్రాలకు పైనా కిందా వెడల్పాటి వాషర్లు వేశాం.

అసలు పని బోల్టులది. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. దాంతో చిన్న బోల్టులు బిగదీసుకుపోతాయి. స్పానర్ పెట్టి బలంగా తిప్పితే తల విరిగి చేతికొస్తుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయాలి. తెల్లారి పదో నంబర్ స్పానర్‌తో పావు చుట్టు విప్పి, మళ్లీ కొంచెం బిగించి, మళ్లీ విప్పుతూ రావాలి. బోల్టు కిర్రుమనే శబ్దం మెల్లగా తగ్గుతూ వస్తుంది, అదే లొంగుతున్న గుర్తు. ఆ తర్వాత ట్యాప్ పెట్టి నట్టు మరలు శుభ్రం చేసుకోవాలి. ఈ భాగం నాకు చాలా ఇష్టం. తొందర ఉన్నవాడి చేతికి ఇది లొంగదు.

బిగించే ముందు కారు స్టాండ్ల మీద గట్టిగా కూర్చుందో లేదో ఊపి చూడాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు, ఎవరు చెప్పినా సరే. ట్రే ఎత్తిపట్టి బోల్టులన్నీ ముందు వేళ్లతోనే ఎక్కించాలి. ఒకటి పూర్తిగా బిగిస్తే అవతలి రంధ్రం కలవదు. మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకు రావాలి. ట్రే ముక్కలుగా ఉంటే, అవి ఒకదానిమీద ఒకటి కలిసే చోట ముందు ముక్క అంచు కిందికి, వెనక ముక్క అంచు లోపలికి ఉండాలి, ఇంటి కప్పుకు పెంకులు పరిచిన పద్ధతిలో. తలకిందులైతే ఎదురుగాలి అంచు సందులో వేలు పెట్టి లాగేస్తుంది.

కుర్రాడు చివరి బోల్టుని బలమంతా పెట్టి తిప్పబోతుంటే ఆపాను. ప్లాస్టిక్‌కీ ఉక్కుకీ వేడికి సాగడంలో చాలా తేడా ఉంది. యాభై డిగ్రీలు పెరిగితే మీటరు పొడవు ఉక్కు అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ సాగుతుంది. అదే పొడవు పాలీప్రొపిలీన్ అయిదు మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే ఇలాంటి ప్లాస్టిక్ భాగాలకు రంధ్రాలు బోల్టు కంటే పెద్దగా, ఒక్కోచోట కోలగా ఉంటాయి. ఆ కదలికకు చోటు మిగలాలి. పిడికిలి బలంతో నొక్కేస్తే రెండు చలికాలాలు తిరిగేసరికి రంధ్రం దగ్గరే చీలిక వస్తుంది.

కేబుల్ టైల గురించి కూడా చెప్పాలి. దారిలో ట్రే వేలాడితే వాటితో కట్టి ఇంటికి రావడం తెలివైన పనే. కానీ దాన్నే మరమ్మతు అనుకుని వదిలేయడాన్ని నేను ఒప్పుకోను. వేడికి, అదురుకు అవి పెళుసుబారి తెగుతాయి. హైవే వేగంలో ముందు అంచు ఊడితే గాలి ట్రేని కిందికి మడిచి నేలకేసి ఈడుస్తుంది. ఊడిపోతే వెనక వచ్చే కారు అద్దానికి తగలొచ్చు, మోటారు సైకిల్ చక్రం కిందికీ పోవచ్చు.

మరుసటి వారం హైవే మీద ముల్లు సగం దగ్గరే నిలిచిందని ఫోన్ చేసి చెప్పాడు. వంద మైళ్లు తిరిగాక బోల్టులు మరోసారి చూసుకోమన్నాను. ట్రే మీద పడే మరకల్ని కూడా చూస్తుండమన్నాను. గోధుమరంగు నూనె చుక్క ముందువైపు పడితే క్రాంక్ సీల్‌ను అనుమానించాలి, తియ్యటి వాసన ఉంటే కారేది కూలెంట్.

మీ కారు స్పోర్ట్స్ కారు కానక్కర్లేదు. ఈసారి సర్వీసింగ్ నుంచి తెచ్చుకున్నాక ఇంటి ముందు ఆపి, మోకాళ్ల మీద కూర్చుని, ముందు బంపర్ కింద ఓసారి టార్చి వేయండి. కవర్ ఉందా, అన్ని బోల్టులూ ఉన్నాయా, అంచు ఎక్కడైనా వేలాడుతోందా చూడండి. ఏది లోపించినా అదే రోజు వెనక్కి తీసుకెళ్లి, మీరు పక్కన నిలబడి పెట్టించుకోండి.