ఓ శంకుధారీ!

తిరువళ్లూరు పక్క పైన్ అడవి ఎక్కడని అడిగితే నవ్విపోతారు. ముళ్ల తుప్పలు, చెరువు గట్టున తాటిచెట్లు, ఎండకు వాడే చిట్టడవి, ఇంతే కదా ఈ నేల! అయినా ఓ శంకుధారీ, పైన్‌లా శంకువులు కాసే చెట్టా, నిన్నే కొలుస్తాను. నువ్వు ఇక్కడిదానివే.

శ్రీపెరుంబుదూరు పలకరాయి పొర విప్పితే నీ రెమ్మ అచ్చు బయటపడుతుంది. కాడను అంటిపెట్టుకుని, ఒకదానిపై ఒకటి ఎక్కిన చిన్న చిన్న ఆకులు. ఆ పక్కనే టిలోఫిల్లం అనే అంతరించిన మొక్క ఆకు, దువ్వెన పళ్లలా. 1879లో ఫైస్ట్‌మాంటెల్ అనే పండితుడు మద్రాసు తీరపు ఈ రాతి ఆకులను వర్ణించి అచ్చు వేయించాడు.

సుమారు 12 కోట్ల ఏళ్ల నాటి పచ్చదనం నీది. అప్పటికి మామిడి లేదు, మల్లె లేదు, వరి లేదు. హిమాలయం లేవలేదు. నీ పుప్పొడి బరువు మోసింది గాలే. అంటార్కిటికా నుంచి మన గడ్డ విడివడుతుంటే, చీలికలోకి సముద్రం చొచ్చుకొచ్చింది. ఏరు తెచ్చిన నీ కొమ్మల్ని తీరపు బురద కప్పి, కుళ్లనీయక కాచింది.

ఆనాటి ప్రవాహాలు దొర్లించిన గుండ్రాళ్లే ఇక్కడి అల్లికుళ్లి గుట్టలు. వాటినే ఏరుకుని, 15 లక్షల ఏళ్ల కిందట, దగ్గర్లోని అత్తిరంపాక్కంలో ఆదిమానవుడు చేతిగొడ్డలి చెక్కాడు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ఆంధ్రకు వచ్చింది. నీ కాలపు రాతిపొరలు మాత్రం హద్దుకు రెండు పక్కలా ఉన్నాయి.

పొన్నేరి దిక్కు ఇసుక నేలల్లో సరుగుడు తోటలు చూసి నువ్వే అనుకుంటారు కొందరు. సరుగుడు సూదిని కణుపు దగ్గర లాగితే టక్కున ఊడుతుంది. కణుపు చుట్టూ సన్నని పళ్ల వరస: అవే దాని ఆకులు. సూది అనుకున్నది పచ్చటి పుల్ల. వేళ్ల బుడిపెల్లో సూక్ష్మజీవులు నత్రజని పట్టి ఇస్తే, ఒట్టి ఇసుకలోనూ ఏపుగా లేస్తుంది. అది పూలచెట్టు, నీ వంశం కాదు. కానీ దాని పుట్టిళ్లలో ఆస్ట్రేలియా తీరం ఒకటి. ఒకప్పుడు మన గడ్డకు అతుక్కుని ఉన్న నేల అది. పాత పొరుగింటి చెట్టు ఇన్ని కోట్ల ఏళ్లకు మనుషుల చేతుల మీదుగా నీ వాకిట్లోకి వచ్చింది.

నీకు గుడి అక్కర్లేదు, గోపురం అక్కర్లేదు. కర్మాగారానికి నేల చదును చేసేటప్పుడు, రోడ్డుకు మట్టి తవ్వేటప్పుడు, నీ పలక ఒక్కటి తీసి ఊరి బడిలో పెడితే చాలు. ఆడికృత్తిక పండుగకు కావడి భుజానికెత్తుకుని తిరుత్తణి మెట్లెక్కే మనవాళ్లకు కొండమీది స్వామి మహిమ తెలుసు. కొండ దిగి తూర్పుకు నడిస్తే నువ్వున్నావనీ తెలియాలి.